బరువు కింద బావి

మంగళవారం ఉదయం పదిన్నరకు కుట్టు షెడ్డులో పన్నెండో మిషను కింద నేల రెండంగుళాలు దిగింది.

దిగినప్పుడు చప్పుడేమీ రాలేదు. మిషను ఎడమవైపుకు ఒరిగింది, సూది విరిగింది. కుడుతున్నామె లేచి స్టూలు పక్కకు లాగి వంగి చూసింది. సిమెంటు నేల మీద పడమటి గోడ వైపు నుంచి తూర్పుకు ఒక పగులు పోయింది. ఆమె మెడలో వేసుకున్న కొలత టేపు తీసి ఆ పగులులోకి వదిలింది. అరవై అంగుళాల టేపు, కొస వేళ్ళ మధ్య మిగిలేదాకా దిగింది. అడుగు తగల్లేదు.

షెడ్డు పెట్టింది ఊరి బడి టీచరు వాళ్ళ అన్నయ్య. లోపల పని నడిపేది ఆమె వదిన. ఆమె కింద పద్దెనిమిది మంది కుడతారు. ఊరి చరిత్ర రాయాలని ఆరు నెలలుగా పాత పటాలు చంకన పెట్టుకుని పొలాల వెంట తిరుగుతున్న టీచరు దగ్గర రెండు పటాలున్నాయి. మొదటిది డెబ్బై ఏళ్ళ కిందటిది. ఊరికి పడమట కొండలో గని నడిచిన రోజుల్లో అక్కడి గుమాస్తా ఒకడు అడుగులు లెక్కపెట్టుకుంటూ గీశాడు. రెండోది నలభై ఏళ్ళ కిందట సర్వే ఆఫీసు గొలుసులు పట్టి కొలిపించి వేయించింది. గుమాస్తా పటం పట్టుకునే ఆమె పూడిపోయిన కాలువ జాడ కనుక్కుంది. గని కూలీలు ఒకప్పుడు ఉన్న వీధి పునాదులు, ముళ్ళపొదల్లో మూడు హద్దురాళ్ళు కనుక్కుంది. పోయిన వారం ఆ పటంలోనే, కొండ నుంచి వచ్చే ఒక చుక్కల గీత చివర చిన్న సున్నా చూసింది. పక్కన గుమాస్తా చేతిరాతలో గాలిబావి అని ఉంది.

కింద పనిచేసేవాళ్ళకు గాలి ఆడడానికి పైనుంచి సొరంగంలోకి నిలువుగా తవ్వే బావిని ఆ పేరుతో పిలిచేవారు. చుక్కల గీత సొరంగం. గుమాస్తా లెక్కన ఆ బావి షెడ్డు ఉన్న జాగాలో ఎక్కడో ఉండాలి. సర్వే ఆఫీసు పటంలో బావి లేదు. సర్వేవాళ్ళ అసలు పటం మీద పలచని ట్రేసింగు బట్ట పరిచి, సిరాతో ఆ పటాన్ని ఎక్కించింది టీచరు మేనత్త.

పది యాభైకి టీచరు షెడ్డు చేరేసరికి పన్నెండో మిషను చుట్టూ తాడు కట్టి ఉంది. అన్నయ్య పగులులో ఇసుక పోయిస్తున్నాడు. మూడు తట్టలు పోశారు. ఇసుక కనిపించలేదు.

"పందికొక్కు బొరియ," అన్నాడు అన్నయ్య.

"ఇసుక ఏమైంది మరి?"

"పందికొక్కు తింది," అంది వదిన. "మీ అన్నయ్య పెట్టేవాటిలో అదే రుచిగా ఉన్నట్టుంది."

ఎవరూ నవ్వలేదు. వదిన కూడా నవ్వలేదు.

"అన్నయ్యా, ముందు అందర్నీ బయటికి పంపు. తర్వాత మాట్లాడుకుందాం."

"పంపాల్సిన పనేముంది? దిగింది మధ్యలో. అందర్నీ తూర్పు చివరికి, కత్తిరింపు బల్ల దగ్గరికి జరిపాను. అక్కడ నేనే నాలుగుసార్లు ఎగిరి దూకి చూశాను. రాయిలా ఉంది."

టీచరు గుమాస్తా పటం విప్పి చూపించింది. పగులు పోతున్న దిక్కూ చుక్కల గీత దిక్కూ ఒకటే. అన్నయ్య రెండింటినీ చూశాడు. తర్వాత పటాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది కాళ్ళతో కొలిచిన పటం. తాగి నడిచాడో, తిని నడిచాడో మనకు తెలియదు. అవతల అత్త గీసిన పటం ఉంది. సర్వే ఆఫీసు ముద్ర ఉంది. అందులో బావి లేదు. ఈ వారం సరుకు పోవాలి. నీ కాగితం చూసి షెడ్డు మూసుకోమంటావా?"

"అత్త వల్ల తప్పు జరిగి ఉండొచ్చు కదా."

"సరే, ఆ మాట అత్తతో చెప్పించు. ఆమె నోటితో తప్పు జరిగిందని ఒక్కసారి అంటే, ఆ నిమిషమే అందర్నీ బయట నిలబెడతాను. నువ్వంటే కాదు."

వదిన తలుపు దాకా వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"టీచరమ్మా, నిజంగా భయపడాల్సిందేనా? చెప్పు. మీ అన్నాచెల్లెళ్ళ పంతాలు నాకక్కర్లేదు. నా దగ్గర పద్దెనిమిది మంది ఉన్నారు."

"నాకు భయంగానే ఉంది వదినా."

"అయితే త్వరగా వెళ్ళి రా. ఈలోపు నేను వాళ్ళను కదలనివ్వను."

అత్తకు ఫోను లేదు. ఆమె ఇల్లు పట్నంలో, కళ్ళజోళ్ళ దుకాణం మీద, మేడ గది. టీచరు అక్కడికి చేరేసరికి పన్నెండు ఇరవై అయింది. కిటికీ కింద బల్ల, బల్ల మీద భూతద్దం, దినపత్రిక. పత్రిక ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు సీసం దిమ్మలు. ఒక్కొక్కటి రెండంగుళాల వెడల్పు, గుండ్రం. అత్త రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఏం కావాలో కోరుకోమంటే, ఆమె శాలువా వద్దని ఈ దిమ్మలు అడిగి తెచ్చుకుంది. ఆఫీసులో ఆమెను చుక్కత్త అనేవారు. వయసులో పెద్ద అధికారులు కూడా అలాగే పిలిచారు. ఆమె వేసిన పటంలో ఒక్క చుక్క కూడా తప్పిపోదని ఆ పేరు.

"ఈ వేళప్పుడు వచ్చావేమే? బడి లేదా?"

"సెలవు పెట్టానత్తా. ఒక పటం చూపించాలి."

"కూర్చో. ఊపిరి తీసుకో. మెట్లెక్కితే నీకు నాకంటే ఎక్కువ ఆయాసం. పాఠాలు కుర్చీలో కూర్చుని చెబుతున్నావా?"

టీచరు కూర్చోలేదు. గొట్టంలోంచి సర్వే పటం నకలు తీసి బల్ల మీద పరిచింది. కాగితం చుట్టుకుపోయింది. అత్త పత్రిక మీది దిమ్మలు తీసి, ఒకటి ఎడమ పైమూల, ఒకటి కుడి పైమూల, ఒకటి కింద పెట్టింది. నాలుగోది చేతిలో ఉంది.

"ఇది నేను వేసిందే," అంది అత్త. "ముళ్ళపొదల గుర్తులు చూడు. ఒక్కొక్కటికి మూడు గీతలు. ఈ ఒక్క షీటులో పదకొండు వందలు వేశాను. పైఅధికారి భూతద్దం పెట్టి చూసి, దువ్వెనతో దువ్వినట్టుందన్నాడు."

"మధ్యలో ఇక్కడ పొదలు లేవేం?"

ఆమె చూపించిన చోట, పొదల గుర్తుల నడుమ ఒక గుండ్రటి జాగాలో ఒక్క గుర్తు కూడా లేదు. చేల హద్దు గీతలు మాత్రం దాని మీదుగా తెగకుండా పోయాయి.

"ఖాళీ నేల అయుంటుంది."

"మేమూ అలాగే అనుకున్నాం. పంట నూర్చే కళ్ళం అయుంటుందన్నాడు అన్నయ్య. చదును చేసే పని తప్పుతుందని ఈ ఖాళీ చూసే షెడ్డు ఇక్కడ కట్టాడు. కానీ గుమాస్తా పటంలో అక్కడ ఖాళీ లేదత్తా, పొదలే ఉన్నాయి. కళ్ళం ఇంత గుండ్రంగా ఉంటుందా?"

 టీచరు ఆమె చేతిలోని నాలుగో దిమ్మ తీసుకుని ఆ ఖాళీ మీద పెట్టింది.

అంచుకు అంచు సరిపోయింది. దిమ్మ చుట్టూ పొదల గుర్తులు వరసగా నిలబడ్డాయి. ఒక్కటి కూడా దిమ్మ కిందికి పోలేదు.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తన్నుతున్నారు. చివరికి అది అంటుకుంది.

"అన్నయ్య షెడ్డులో ఈ ఉదయం నేల దిగింది," అంది టీచరు. "మూడు తట్టల ఇసుక పోశారు. కనిపించలేదు. అత్త తప్పు చేశానంటేనే ఖాళీ చేస్తానన్నాడు. పద్దెనిమిది మంది లోపలే ఉన్నారు. వదిన ఉంది."

అత్త కుర్చీలో కూర్చుంది.

"మొదట గీతలు గీస్తాం," అంది. "హద్దులు, దారులు, కాలువలు. తర్వాత గుర్తులు పెడతాం, పొదలు, చెట్లు, బావులు. చివర అక్షరాలు. ఆ రోజు గీతలు పూర్తయ్యాక వాన పట్టింది. ట్రేసింగు బట్టకు తేమ తగిలితే నడుమ ఉబ్బుతుంది. ఉబ్బితే కింది పటం కదిలినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఉబ్బిన చోట ఇంకో దిమ్మ పెట్టుకుంటాం. దాని చుట్టూ గుర్తులు వేసి, దాన్ని జరిపి, కింద మిగిలినవి వేయాలి."

"జరపలేదా?"

"జరిపాను. తర్వాత. సిరా ఆరాక, బట్ట తీసేటప్పుడు."

"మరి తనిఖీ ఉండదా?"

"ఉంటుంది. షీటు కింద జాబితా రాస్తాం, బావులు ఇన్ని, రాళ్ళు ఇన్ని అని. తనిఖీ చేసేవాడు పటంలో ఉన్నవి లెక్కపెట్టి జాబితాతో సరిచూస్తాడు. ఆ జాబితా అసలు పటం చూసి రాయాలి. వానకు చీకటి పడిందని నేను గీసినదాన్ని చూసి రాశాను. ఆరు బావులు రాశాను. ఆయన ఆరు లెక్కపెట్టాడు. రెండూ కలిశాయి. సంతకం పెట్టాడు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అత్త దిమ్మను పటం మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మర్నాడు పొద్దున. అసలు పటం కట్టగట్టి గోదాముకు పంపే ముందు. వేసిన గుర్తుకల్లా అసలు మీద నీలం పెన్సిలుతో టిక్కు పెడతాను. ఒక సున్నాకు టిక్కు లేదు. చుట్టూ పొదలకూ లేవు. అప్పటికి నా షీటు ఫోటో తీయడానికి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ పైఅధికారి బల్ల మీద ఉంది. వారంలో సంతకం అవుతుంది. చెప్పలేదు."

"నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా?"

"ముళ్ళపొదల్లో ఎవరు తిరుగుతారు, ఎవరు పడతారు అనుకున్నాను. పూడ్చేసి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడానికి కష్టమేముంది?"

"అన్నయ్య షెడ్డు కట్టేటప్పుడు?"

"ఇదే పటం తెచ్చాడు. ఇదే బల్ల మీద పెట్టాడు. అత్తా, ఈ ఖాళీ జాగా బాగుంది కదా అన్నాడు." అత్త కిటికీ వైపు చూసింది. "బాగుంది నాయనా అన్నాను."

షెడ్డు మొదలుపెట్టిన రోజు అందరూ లోపలికి వెళ్ళినా అత్త మోకాళ్ళ నొప్పులని బయట కుర్చీలోనే కూర్చుంది. ఆ తర్వాత రెండేళ్ళలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ వాకిట్లోనే కుర్చీ వేయించుకుంది. మా గడప తొక్కడం మీ అత్తకు నామోషీ అని వదిన చాలా రోజులు ఉడుక్కుంది. ఇప్పుడు టీచరుకు ఆ కుర్చీ సంగతి అర్థమైంది. పటం అంచు పట్టుకుని నిలబడింది.

"నువ్వు లోపలికి రాలేదు," అంది. "వాళ్ళను వెళ్ళనిచ్చావు."

"అవును."

"రోజూ వెళ్తున్నారత్తా."

"తెలుసు. నువ్వు ఎంత తిట్టినా పడతాను. తర్వాత తిట్టు. ముందు ఆ బీరువా పైఅర తియ్యి. నల్ల అట్ట పుస్తకం ఉంటుంది."

జేబులో పట్టే పుస్తకం. టీచరు చేతిలోకి తీసుకోగానే అది ఒక పేజీ దగ్గర దానంతట అదే తెరుచుకుంది. ఆ పేజీ అంచులు నలిగి ఉన్నాయి. నీలం పెన్సిలుతో నాలుగు వరసలు రాసి ఉన్నాయి. గాలిబావి. వాయవ్యపు హద్దురాయి నుంచి తూర్పుకు తొంభై నాలుగు అడుగులు. అక్కడి నుంచి దక్షిణానికి ఇరవై రెండు. లోతు నూట పది, పైన దుంగలు, దుంగల మీద మట్టి.

"అసలు పటంలో సర్వేవాళ్ళు రాసిన కొలతలు ఇవి," అంది అత్త. "పటం గోదాముకు పోయే ముందు రాసుకున్నాను. దిద్దుదామనే రాసుకున్నాను."

దుంగలు వేసి నలభై ఏళ్ళకు పైనే అయింది.  

పన్నెండు ముప్పై తొమ్మిదికి టీచరు అన్నయ్యకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఫోను అత్త నోటి దగ్గరికి పట్టుకుంది.

"నాయనా, నేను. ఆ పటంలో తప్పు జరిగింది. నా వల్లే జరిగింది. అక్కడ బావి ఉంది."



"చెల్లి చెప్పించిందా?" అన్నాడు అన్నయ్య.

"ఎవరూ చెప్పించలేదు. అందర్నీ బయటికి తియ్యి."

"అత్తా, వాళ్ళు తూర్పు వైపు ఉన్నారు. దిగింది మధ్యలో. బయటికి రావాలంటే తలుపు పడమట ఉంది, దిగినచోటు పక్క నుంచే నడవాలి. బావి ఎక్కడుందో తెలియకుండా వాళ్ళను ఎటు నడిపించను? అటు పంపాక అక్కడే కూలితే?"

అన్నయ్య అన్నదాంట్లో తప్పేమీ లేదు. షెడ్డుకు తలుపు ఒక్కటే. కిటికీలకు ఇనుప చట్రాలున్నాయి. టీచరు కొలతలు చదివింది. అన్నయ్య వాటిని రెండుసార్లు తిరిగి చెప్పాడు. నూరడుగుల టేపు తెమ్మని మిషన్ల మెకానిక్కును కేకేశాడు.

హద్దురాయి షెడ్డు బయట, వాయవ్యపు మూలకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. మెకానిక్కు టేపు కొస రాయి మీద అదిమి పట్టుకున్నాడు. అన్నయ్య ఫోను కట్టు చేయకుండానే ఉత్తరపు గోడ వెంట టేపు లాక్కుంటూ నడిచాడు. నడుస్తూ అంకెలు పైకి చదివాడు. నలభై. పన్నెండో మిషను దాటాడు. డెబ్బై. ఎనభై. అక్కడి నుంచి నడక నెమ్మదించింది. అంకెల మధ్య ఖాళీ పెరిగింది.

"తొంభై నాలుగు," అన్నాడు. "గోడ మీద సుద్దతో గీత పెట్టాను. చివరి కిటికీ పక్కనే వచ్చింది."

"అక్కడి నుంచి లోపలికి ఇరవై రెండు," అంది అత్త. "రాయికీ గోడకూ ఎంత ఎడం?"

"గోడ ఎనిమిది అడుగులు లోపలికుంది."

"అయితే గోడ నుంచి పద్నాలుగు."

టేపు కిటికీ చట్రంలోంచి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వదిన గొంతు.

"ఏం కొలుస్తున్నారండీ? కిటికీకి తెర కుట్టించాలని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"కొస పట్టుకో. తిన్నగా లాగు. పద్నాలుగు అడుగులు వచ్చేదాకా లాగి ఆగు."

"లాగుతున్నాను. అమ్మాయిలూ, కాస్త జరగండి, బల్ల కింద నుంచి పోవాలి. పదీ... పన్నెండూ... పద్నాలుగు. ఆగాను."

"ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటానండీ, కత్తిరింపు బల్ల దగ్గర. మీరు దూకిన చోటే."

 ఫోనులో అన్నయ్య ఊపిరి వినిపించింది. లోపల ఎవరో దేనికో నవ్వారు, ఇంకెవరో ఊరుకోమన్నారు.

అత్త ఫోను మీదికి వంగింది.

"నాయనా, నా మాట విను. పరుగెత్తవద్దని చెప్పు. బల్లను కదపవద్దు. ఒక్కొక్కరూ రావాలి, ఒకరి వెనక ఒకరు కాదు, ఎడం ఉంచుకుని. దక్షిణపు గోడకు ఆనుకుని నడవాలి. సొరంగం ఉత్తరానికి దగ్గరగా ఉంది, ఆ గోడ పక్క గట్టి నేల ఎక్కువ."

అన్నయ్య కిటికీలోంచి అవే మాటలు చెప్పాడు. గొంతు పైకి లేవకుండా చెప్పాడు. లోపల నవ్వు ఆగింది. కుర్చీ ఒకటి నేల మీద గీసుకుంది.

"విన్నారుగా," అంది వదిన. "చెప్పులు వదిలేయండి. సంచులు వదిలేయండి. లేదమ్మా, టిఫిను డబ్బా కూడా వద్దు, నేను కొత్తది కొనిస్తాను. కడుపుతో ఉన్నామె ముందు. తర్వాత నువ్వు. నేను లెక్కపెడతాను. లెక్క వినపడ్డాకే తర్వాతి మనిషి కదలాలి."

"నువ్వు ముందు రా," అన్నాడు అన్నయ్య.

"లెక్క మీరు పెడతారా? మీకు పది దాటితే తడబాటు."  వదిన లెక్క మొదలుపెట్టింది. "ఒకటి."

మెకానిక్కు పడమటి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. మొదటి మనిషి బయటికి వచ్చిందని కేకేశాడు. అప్పుడు పన్నెండు నలభై ఏడు.

"రెండు."

టీచరు ఫోను రెండు చేతులతో పట్టుకుంది. అత్త కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె పెదవులు వదిన అంకెతో పాటు కదులుతున్నాయి.

ఆరో మనిషి మధ్యలో ఆగిపోయింది. కాళ్ళు రావడం లేదంది. వదిన ఆమెతో వాళ్ళ పాప గురించి మాట్లాడింది, పాప పళ్ళ గురించి అడిగింది. కింద రెండు వచ్చాయక్కా అంటూ ఆమె నడిచింది. "ఆరు," అంది వదిన.

తొమ్మిది తర్వాత లోపల ఇసుక జారినట్టు చప్పుడు వచ్చింది. అది ఫోనులో కూడా వినిపించింది. అన్నయ్య వదినను పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతను ఆమెను పేరు పెట్టి పిలవగా టీచరు వినలేదు.

"ఉన్నానండీ," అంది వదిన. "బల్ల ఒక కాలు దిగింది. ఎవరూ అటు చూడకండి. గోడ చూసుకుని నడవండి. పది."

"పదకొండు."

"పన్నెండు. నెమ్మదిగా తల్లీ. పదమూడు."

పన్నెండు యాభై నాలుగుకు వదిన పద్నాలుగు అంది. పద్నాలుగో మనిషి బయటికి వచ్చిందని మెకానిక్కు తలుపు దగ్గర నుంచి కేకేశాడు. ఆ కేక పూర్తి కాకముందే ఫోను కట్టయింది.

టీచరు అన్నయ్య నంబరుకు ఆరుసార్లు చేసింది. వదిన నంబరుకు నాలుగుసార్లు చేసింది. రెండూ మోగాయి. ఒంటిగంటా నాలుగు నిమిషాల దాకా ఎవరూ ఎత్తలేదు. అప్పుడు వాకిట్లోంచి వదిన ఎత్తి, "పద్దెనిమిది," అంది.